పులిహోరలో ఉప్పు, పేరయ్య నోట్లో మాట

అనగనగా ఒక ఊరు అని మొదలుపెడితే మీరు ఊరుకోరని నాకు తెలుసు. ఏ ఊరు, ఎవరి రాజ్యం, అక్కడ తినడానికి ఏం దొరికేది అని వరసపెట్టి అడుగుతారు. అందుకే అడక్కముందే చెప్పేస్తున్నాను. ఊరి పేరు నందిరేవు. రాజ్యం జయకేతు మహారాజుది. తినడానికి దొరికేది పులిహోర. ఇక ఊ కొడుతూ వినండి.

నందిరేవు పక్కనే పెద్ద ఏరు. ఏటికి అవతల కొండ, కొండ మీద స్వామి. కొండకు వెళ్ళే యాత్రికులు పడవ కోసం ఇవతలి ఒడ్డున ఆగేవారు. ఎండనపడి నడిచి వచ్చినవాళ్ళు, పిల్లల్ని చంకనెత్తుకుని వచ్చినవాళ్ళు, అందరికీ ఆకలే. వాళ్ళ కోసం రాజుగారి తాతగారు అక్కడ ఒక సత్రం కట్టించారు. నీది ఏ ఊరు, ఏ కులం అని అడక్కుండా విస్తరి వేసే సత్రం అది.

ఆ సత్రానికి ఒక ఆచారం ఉండేది. వండినది ముందు సత్రంలో ఉన్న స్వామి విగ్రహానికి నివేదన చెయ్యాలి, ఆ తరువాతే మనుషులకు వడ్డించాలి. నివేదన కాకముందు ఒక్క మెతుకైనా ఎవరూ నాలుక మీద వేసుకోకూడదు. నివేదన అయ్యాక చిటికెడు ఉప్పు కూడా కలపకూడదు. మరి ఉప్పు సరిపోయిందో లేదో తెలిసేదెలా? వాసనతో! చింతపండు గుజ్జు కుతకుత ఉడుకుతుంటే ఆవిరి పట్టి చూసి, ఉప్పు చాలిందో లేదో చెప్పేవాళ్ళు ఆ వంటవాళ్ళు.

అలా చెప్పడంలో పుల్లమాంబను మించినవారు లేరు. పేరుకు పుల్లమాంబ గానీ మాట మాత్రం బెల్లం. గంగాళం మీదికి వంగేది, కళ్ళు మూసుకునేది, ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చేది. "చాలు" అంటే చాలినట్టే. "ఇంకొంచెం" అంటే ఇంకొంచెమే. ఆమె తెడ్డు తిప్పిన పులిహోర కోసం కొండకు వెళ్ళే పని లేనివాళ్ళు కూడా భక్తి తెచ్చుకుని బయల్దేరేవారు. నేనైనా అంతే చేసేవాణ్ణి.

ఆమెకు భర్త పోయి చాలాకాలమైంది. పిల్లలు లేరు. వంటశాల పక్కన చిన్న గది, గదిలో ఒక చాప, చాప పక్కన ఇత్తడి చెంబు. అదే ఆమె ఇల్లు. పొయ్యే ఆమెకు చుట్టం.

వంటశాలకు పెద్ద పేరయ్య. తల్లీ తండ్రీ లేని పసివాడిగా, వరదల ఏడాది ఎవరో యాత్రికుల వెంట పడవ దిగాడు. పుల్లమాంబ గంగాళం అడుగున అంటిన మాడు గీకి అతని చేతిలో పెట్టింది. ఆ మాడు రుచి మరిగి ఇక కదల్లేదు. కట్టెలు మోశాడు, కూరలు తరిగాడు, పొయ్యిలు చూశాడు. ఎదిగాడు. ఎవరికి మోకాలి నొప్పో, ఎవరింట్లో పురుడో, అన్నీ కనిపెట్టి చూసుకునేవాడు. అది గమనించి రాజుగారు అతన్నే వంటశాలకు పెద్దను చేశారు.

మంచివాడు, నెమ్మదస్తుడు. ఒక్కటే లోపం. ఎదుటివాళ్ళకు నచ్చని మాట చెప్పాల్సి వస్తే అతని నాలుక పిడచగట్టుకుపోయేది. ఎవరి కంట నీరు చూసినా చెప్పబోయిన మాట మింగేసేవాడు.

ఇలా ఉండగా ఆ వానాకాలం పుల్లమాంబకు విషజ్వరం వచ్చింది. తగ్గింది. ఆమె లేచి, స్నానం చేసి, తెడ్డు పట్టుకుంది. అందరూ సంతోషించారు. ఆ రోజు పులిహోర ఉప్పు కషాయం!

యాత్రికులు ఒక ముద్ద తిన్నారు, మొహాలు చూసుకున్నారు, మంచినీళ్ళ కోసం చేతులు చాచారు. కానీ నోరు విప్పి ఎవరూ అనలేదు. ప్రసాదానికి వంక పెడితే పాపం కదా! మరునాడు చప్పగా ఉంది. ఆ మరునాడు మళ్ళీ ఉప్పు. కాకులకు వేసిన ముద్ద కాకులు కూడా ముట్టలేదు. వాటికి పాపభయం లేదు మరి.

పేరయ్య అంతా చూశాడు. చూసి భయపడ్డాడు. ఎందుకంటే సత్రానికి ఇంకొక ఆచారం ఉంది. స్వామికి పెట్టే వంట ఎవరు చెడగొట్టారని వంటశాల పెద్ద తేలుస్తాడో, వాళ్ళు తెడ్డును స్వామి ముందు దించాలి. పడవెక్కి ఏరు దాటాలి. మళ్ళీ తిరిగి రాకూడదు.

'నేను నోరు తెరిస్తే పెద్దమ్మ పడవెక్కాలి. ఈ వయసులో ఆమె ఎక్కడికి పోతుంది? ఎవరి గడప ఎక్కుతుంది?' అనుకున్నాడు. పాపం, అతని బాధ అబద్ధం కాదు. కానీ బాధపడుతూ అతను చేసిన పనులు ఉన్నాయే, అవి వినండి.

మొదట ఒక ఉపాయం ఆలోచించాడు. పొద్దున్నే వంటశాల వాకిట్లో అందరినీ నిలబెట్టాడు. ఎవరి వైపూ చూడకుండా దూలం వైపు చూస్తూ, "ఈ మధ్య వంటల్లో కొంచెం అజాగ్రత్త కనబడుతోంది. అందరూ ఉప్పు విషయంలో జాగ్రత్తగా ఉండాలి" అన్నాడు. అనేసి గబగబా వెళ్ళిపోయాడు.

ఏమైంది? పాయసం వండే ముసలాయన "నేను ఉప్పే ముట్టనే! నన్ననడమేమిటి?" అని మొహం చిన్నబుచ్చుకున్నాడు. మజ్జిగ కలిపే ఆమె భయపడి మజ్జిగలో ఉప్పు వెయ్యడమే మానేసింది. మంచివాళ్ళంతా తమనే అన్నారనుకుని కుమిలిపోయారు. ఇక పుల్లమాంబ! అందరికంటే గట్టిగా తలూపింది ఆమే.

"బాగా చెప్పావు నాయనా!" అంది. "ఈ కాలం పిల్లలకు చెయ్యి నిలవడం లేదు."

ఆ రోజు పులిహోర మళ్ళీ ఉప్పు.

పేరయ్య రెండో ఉపాయం ఆలోచించాడు. తను చెప్పలేడు గనుక ఇంకొకరి చేత చెప్పిద్దామనుకున్నాడు. సత్రంలో బియ్యం, పప్పులు దాచే ఉగ్రాణానికి గవరయ్య అని ఒక అధికారి ఉండేవాడు. మాటలు మోయడమంటే గవరయ్యకు మహా సరదా. దారిలో వాటికి కాస్త పోపు కూడా పెట్టేవాడు.

"గవరయ్యగారూ, పెద్దమ్మకు ఒంట్లో ఎలా ఉందో కనుక్కోండి. ఉప్పు సంగతి కూడా నెమ్మదిగా చెవిన వెయ్యండి. నొచ్చుకోకుండా సుమా!" అని పేరయ్య బతిమాలాడు.

గవరయ్య పుల్లమాంబ దగ్గర చతికిలబడ్డాడు. అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"అమ్మగారూ, నేనన్నానని అనకండి. మీకు వయసైపోయిందని, ఇక మూల కూర్చోమని అనుకుంటున్నారట. ఆ కనకం చెయ్యి బాగుందట. తెడ్డు ఆ పిల్లకిస్తారని వినికిడి."

ఉప్పు మాట దారిలోనే ఎక్కడో జారిపోయింది. విషం మాత్రం భద్రంగా చేరింది.

కనకం ఎవరంటారా? పుల్లమాంబ దగ్గర పని నేర్చుకుంటున్న యువతి. పడవ సరంగు కూతురు. వాసన పట్టడం పుల్లమాంబే నేర్పింది. "మామ్మగారూ, మామ్మగారూ" అంటూ చెంగు పట్టుకుని తిరిగేది. ఆ రోజు నుంచి పుల్లమాంబ కనకం వైపు చూడటం మానేసింది. అడిగితే జవాబు లేదు. ఎందుకో తెలియక ఆ పిల్ల పొగ వంక పెట్టుకుని కళ్ళు తుడుచుకునేది.

పేరయ్య వంటశాల గుమ్మం దగ్గరికి వచ్చాడు. "పెద్దమ్మా" అన్నాడు.

"ఏం అధికారిగారూ, ఏమైనా పనా?" అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే.

అధికారిగారు! మాడు గీకి చేతిలో పెట్టిన చెయ్యి, ఒరే అని పిలిచిన నోరు! పేరయ్య "ఏం లేదు" అని వెనక్కి వెళ్ళిపోయాడు. అలా వచ్చి, గుమ్మం దాకా వచ్చి, వెళ్ళిపోవడం ఎన్నిసార్లు జరిగిందో!

ఇంతలో కొండస్వామి తిరునాళ్ళు వచ్చాయి. తిరునాళ్ళ రోజు రాజుగారు సత్రానికి వచ్చి, యాత్రికులతో ఒకే బంతిలో కూర్చుని భోంచేస్తారు. ఆ రోజు పులిహోర చెడితే ఎలా? పేరయ్య మూడో ఉపాయం ఆలోచించాడు. మూడింటిలోనూ ఇదే చెడ్డది.

కనకాన్ని పక్కకు పిలిచాడు. "పెద్దమ్మ నివేదన పళ్ళేలు సర్దడానికి లోపలికి వెళుతుంది కదా. అప్పుడు నువ్వు వాసన చూడు. ఉప్పు తక్కువనిపిస్తే వెయ్యి. ఆమెకు చెప్పకు."

"మామ్మగారికి తెలియకుండానా? తప్పు కదండీ?" అంది కనకం.

"నేను చెబుతున్నాను కదా!"

పెద్దవాడు చెప్పాక ఆ పిల్ల ఏం చేస్తుంది? తల వంచుకుంది.

తిరునాళ్ళ రోజు గంగాళం నిండా పులిహోర సిద్ధమవుతోంది. పుల్లమాంబ చింతపండు గుజ్జు మీదికి వంగింది, ఊపిరి పీల్చింది. ఎందుకో ఆ రోజు చెయ్యి జంకింది. 'రాజుగారు తినేది. సగమే వేద్దాం. పళ్ళేలు సర్ది వచ్చాక మిగతాది చూద్దాం' అనుకుని సగం ఉప్పు వేసి లోపలికి వెళ్ళింది. కనకం వచ్చి వాసన చూసింది. తక్కువే. పెద్దవాడు చెప్పినట్టే ఉప్పు వేసి, తెడ్డు తిప్పి, గారెల పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. పుల్లమాంబ తిరిగి వచ్చింది. సగమే వేశానుగా అనుకుంది. మిగతా సగం వేసింది. గుజ్జు అన్నంలో కలిపారు. రుచి చూడటానికి వీల్లేదు గదా! అలాగే నివేదన అయింది, గంట మోగింది, విస్తళ్ళు పరిచారు.

రాజుగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆగారు. నమిలారు. మింగారు. మంచినీళ్ళు తాగారు. పక్కవాళ్ళ వైపు చూసి, "బాగుంది, బాగుంది" అన్నారు. రాజుగారే అన్నాక మంత్రులు ఊరుకుంటారా? "అద్భుతం" అన్నారు. నీళ్ళు మోసేవాళ్ళ భుజాలు పడిపోయాయి. బంతి చివర ఒక చంటిపిల్ల మాత్రం "థూ" అని ఉమ్మేసి, గుక్కపట్టి ఏడ్చింది. ఆ సభలో నిజం చెప్పింది ఆ పిల్ల ఒక్కతే.

ఆ ఏడుపు అదను చూసుకుని గవరయ్య లేచాడు. "నేను నా కళ్ళతో చూశాను! అమ్మగారు లోపలికి వెళ్ళగానే ఈ కనకం దొంగచాటుగా ఉప్పు వేసింది. ముసలావిడకు చెడ్డపేరు తెచ్చి తెడ్డు కాజేద్దామని! ఆచారం ప్రకారం పడవెక్కించండి."

అందరూ కనకం వైపు చూశారు. కనకం పేరయ్య వైపు చూసింది.

పేరయ్య నోరు పెగల్లేదు. వంటశాల పెద్ద కాదనలేదు గనుక అదే తీర్పైపోయింది.

కనకం కొంగుతో చేతులు తుడుచుకుంది. తెడ్డు తీసుకుంది, స్వామి ముందు దించింది, దండం పెట్టింది. రేవు వైపు నడిచింది. అక్కడ ఆమె తండ్రి పడవ గెడ పట్టుకుని, కూతురు ఎందుకు వస్తోందో తెలియక నవ్వుతూ చూస్తున్నాడు.

ఆ నవ్వు చూసి పేరయ్యకు సిగ్గు ముంచుకొచ్చింది. 'ఒకరిని నొప్పించకూడదని ఊరుకున్నాను. ఎంతమందిని నొప్పించాను!' అనుకున్నాడు. పరుగెత్తాడు. దారికి అడ్డం నిలబడ్డాడు.

"ఆగు కనకం. ఆ ఉప్పు నేనే వేయమన్నాను" అని అందరికీ వినబడేలా అన్నాడు. "ఈమె తప్పు రవ్వంత లేదు."

"నువ్వా? ఎందుకు?" అని జనం గోలగా అడిగారు.

"ఆ సంగతి ముందు చెప్పాల్సిన మనిషి ఒకరున్నారు. ఆమెకు చెప్పి వచ్చి మీకు చెబుతాను. అంతదాకా ఎవరూ పడవెక్కడానికి వీల్లేదు." అలా గట్టిగా మాట్లాడటం పేరయ్యకు అదే మొదలు. పడవ సరంగు గెడ కింద పెట్టేశాడు.

పుల్లమాంబ వంటశాల వెనక అరుగు మీద కూర్చుని ఉంది. ముందు చేటలో కందిపప్పు. మట్టిబెడ్డలు ఏరుతోంది. చేతులకు ఏదో ఒక పని ఉండాలి కదా, మనసు బాగోనప్పుడు.

పేరయ్య ఆమె ఎదుట నిలబడలేదు. పక్కన కూర్చున్నాడు. చేటలో చెయ్యి పెట్టి తనూ ఏరడం మొదలుపెట్టాడు.

"ఇవాళ ఎండ బాగా కాస్తోంది పెద్దమ్మా" అన్నాడు.

"ఊ."

"మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"ఉన్నాయి."

"పప్పులో బెడ్డలు ఎక్కువే..."

"అధికారిగారూ" అంది పుల్లమాంబ. "వచ్చిన పని చెప్పండి."

పేరయ్య చేతిలో బెడ్డ పక్కన పెట్టాడు. ఊపిరి తీసుకున్నాడు.

"పెద్దమ్మా, జ్వరం తగ్గి నువ్వు తెడ్డు పట్టినప్పటి నుంచి పులిహోరలో ఉప్పు కుదరడం లేదు. ఒకరోజు ఉప్పు, ఒకరోజు చప్ప. యాత్రికులు తినలేక విస్తళ్ళు మడిచేస్తున్నారు. నాకు మొదటిరోజే తెలుసు. తెలిసీ నీకు చెప్పలేదు. నీ వెనకాల కనకం చేత ఉప్పు వేయించాను. ఇవాళ పాడవడానికి కారణం అదే. ఆ తప్పు నాది. కానీ ముందు నీకేమైందో నాకు తెలియాలి. చెప్పు పెద్దమ్మా, ఏమైంది?"

పుల్లమాంబ మొహం కందగడ్డ అయింది. "నా చేతి వంటకా వంక? నీకు అన్నం కలిపి పెట్టిన చెయ్యిరా ఇది!" అంది. చేట విసిరేసినంత పని చేసింది.

పేరయ్య తన మాట వెనక్కి తీసుకోలేదు. 'అబ్బే, ఏదో పొరపాటున అన్నాను' అనలేదు. ఎదురు వాదించనూ లేదు. లేచి పోనూ లేదు. అలాగే కూర్చున్నాడు. మళ్ళీ చేటలో బెడ్డలు ఏరసాగాడు.

చివరికి పుల్లమాంబ చేట పక్కన పెట్టింది.

"వాసన రావడం లేదురా" అంది. "జ్వరంతోనే పోయింది. ముక్కూ నాలుకా రెండూ చచ్చిపోయాయి. పోపు వేగుతుంటే చిటపటలు వినబడతాయి గానీ ఇంగువ వాసనే లేదు. ఇన్నేళ్ళ అలవాటు కదా, చేతికే తెలుస్తుందిలే అనుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. అనలేదు గనుక సరిపోతోందేమో అనుకున్నాను. కానీ విస్తళ్ళు ఎత్తేటప్పుడు చూసేదాన్ని. ముద్దలు ముద్దలుగా మిగిలేవి. నువ్వు గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయేవాడివి. వెళ్ళగొట్టడానికే వచ్చాడు, ఇవాళ కాకపోతే రేపు అనుకునేదాన్ని. రోజూ పొద్దున్నే గదిలో మూట కట్టుకుని, ఆ తరువాత పొయ్యి వెలిగించేదాన్ని."

పేరయ్య కళ్ళు నిండాయి.

"ఒరే పేరయ్యా" అంది ఆమె. ఒరే అన్నదని గమనించారా? "మొదటిరోజే చెప్పి ఉంటే ఒక్కరోజు ఏడ్చేదాన్నిరా. చెప్పకుండా నన్ను రోజూ ఏడిపించావు."

పేరయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని, ఇంకా మిగిలిన కష్టమైన మాట కూడా చెప్పేశాడు.

"పెద్దమ్మా, గంగాళం తెడ్డు ఇక నీ చేతిలో ఉండటానికి వీల్లేదు. కనకానికి ఇవ్వాలి. ఆకలితో వచ్చినవాళ్ళ అన్నం అది. నాకు నువ్వంటే ఎంత ప్రేమ ఉన్నా ఈ మాట మారదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అతను ఏడవనిచ్చాడు. ఆమె కళ్ళు తుడుచుకున్నాక అడిగాడు. "నిన్ను పంపడం నాకు ఇష్టం లేదు. ముక్కు పోయినా నీకు చెవి ఉంది, చెయ్యి ఉంది, ఇన్నేళ్ళ పని ఉంది. పొయ్యి దగ్గర నువ్వేం చేయగలవో నువ్వే చెప్పు."

పుల్లమాంబ కాసేపు ఆలోచించింది. "పోపు ఎప్పుడు దించాలో చప్పుడు విని చెప్పగలను. మెతుకు వేలితో నొక్కి పదును చెప్పగలను. ఆ పిల్లకు ఇంకా చేతకానివి చాలా ఉన్నాయి. నేర్పుతాను" అంది. వెంటనే ఆమె మొహం వాడిపోయింది. "కానీ ఆచారం ఉంది కదరా. పడవ?"

"ఆ సంగతి స్వామి ముందే తేలనీ. పద" అన్నాడు పేరయ్య.

ఇద్దరూ బయటికి వచ్చారు. పుల్లమాంబ నేరుగా కనకం దగ్గరికి వెళ్ళింది. ఏడ్చి ఉబ్బిన ఆ పిల్ల మొహాన్ని రెండు చేతులా పట్టుకుని, "నిన్ను అనవసరంగా అనుమానించాను తల్లీ" అంది. ఆ పిల్లను స్వామి ముందుకు తీసుకువెళ్ళి, అక్కడున్న తెడ్డు తీసి చేతిలో పెట్టింది. తరువాత అందరి ముందూ తన ముక్కు సంగతి తనే చెప్పింది. ఎవరో చెప్పడం కంటే అదే గౌరవం అనుకుంది కాబోలు.

పేరయ్య రాజుగారికి నమస్కరించాడు. "మహారాజా, పెద్దమ్మకు తన వంట చెడుతోందని ఎవరూ చెప్పలేదు. కనకం నేను చెప్పినట్టే చేసింది. తెలిసీ ఊరుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. పడవెక్కాల్సింది నేనే."

గవరయ్య తన కాలి బొటనవేలు చూసుకుంటూ నిలబడ్డాడు. రాజుగారు మీసం సవరించుకున్నారు. ఇంకోసారి మంచినీళ్ళు తాగారు.

"పేరయ్యా" అన్నారు. "మొదటి ముద్దకే నా నాలుక మండింది. అయినా బాగుందన్నాను. మా మంత్రులు అద్భుతమన్నారు. తెలిసీ చెప్పనివాళ్ళంతా ఏరు దాటాలంటే ఆ పడవలో మనకు చోటు చాలదయ్యా!"

జనం గొల్లున నవ్వారు. మంత్రులు కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా.

"మా తాతగారు పెట్టిన ఆచారాన్ని ఇవాళ సవరిస్తున్నాను" అన్నారు రాజుగారు. "ఇక మీదట వంట చెడితే ముందు పక్కన కూర్చుని కారణం అడగాలి. అడిగిన తరువాతే ఏదైనా." ఆ మాట అని ఆయన నవ్వు ఆపేశారు. ఏదో గుర్తొచ్చినట్టు పేరయ్యను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగారు. "మా ముసలి సేనాపతికి చూపు ఆనడం లేదు. ఆ మాట అనలేక రెండేళ్ళుగా ఆయనకు శాలువాలు కప్పుతున్నాను. నువ్వు ఆమెకు ఎలా చెప్పావు?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పాను మహారాజా. పక్కన కూర్చుని చెప్పాను. చెప్పి లేచిపోకుండా ఉన్నాను" అన్నాడు పేరయ్య.

రాజుగారు తలాడించారు. వెంటనే గుర్రం తెమ్మన్నారు. ఈసారి శాలువా తీసుకెళ్ళలేదట.

ఆ తరువాత సంగతి కూడా చెప్పాలి కదా. మరునాటి నుంచి గంగాళం పక్కన ఒక చిన్న పీట పడింది. పీట మీద పుల్లమాంబ, గంగాళం దగ్గర కనకం. "దించు, దించు, ఆవాల చప్పుడు మారింది" అని ఆమె కేకేసేది. కనకం దించి, ఆవిరి పట్టి, ఉప్పు చూసేది. పాయసం ముసలాయన దగ్గరికి పేరయ్య వెళ్ళి, ఆ రోజు తను అన్న మాట ఆయన్ను కాదని చెప్పి వచ్చాడు. మజ్జిగలోకి మళ్ళీ ఉప్పు వచ్చింది. గవరయ్యకు మాత్రం మోయడానికి మాటలు దొరక్క, బియ్యం మూటలే మోయాల్సి వచ్చింది.

మొదటిరోజు వడ్డన అయ్యాక, అందరూ లేచి వెళ్ళాక, పేరయ్య పులిహోర తిన్నాడు. పుల్లమాంబ పీట మీద నుంచి అతని మొహమే చూస్తోంది. ఆమెకు రుచి తెలియదు. అతను చెబితేనే తెలియాలి.

"ఎలా ఉందిరా?" అని అడిగింది.

పేరయ్య ఇంకో ముద్ద తిని చూశాడు. కనకం పక్కనే ఉంది. ఆ పిల్ల మొదటి వంట.

"ఉప్పు సరిగ్గా కుదిరింది పెద్దమ్మా" అన్నాడు. తరువాత కనకం వైపు తిరిగి, "ఇంగువ మాత్రం కొంచెం ఎక్కువైందమ్మా. రేపు తగ్గించు" అన్నాడు.

కనకం మొహం కొంచెం చిన్నబోయింది. పుల్లమాంబ మాత్రం పకపకా నవ్వింది. జ్వరం వచ్చిన తరువాత ఆమె అలా నవ్వడం అదే మొదటిసారి.

"అయితే ఉప్పు నిజంగానే కుదిరిందన్నమాట!" అంది. గదిలోకి వెళ్ళింది. రోజూ కట్టుకుంటున్న ఆ మూట విప్పి, చీరలు దండెం మీద ఆరేసింది.

కథ ఏరు దాటి కొండకు వెళ్ళిపోయింది, మనం విస్తళ్ళ ముందు కూర్చుందాం. తినేముందు ఒక్కమాట గుర్తుంచుకోండి పిల్లలూ: చెప్పవలసిన కష్టమైన మాటను, చెప్పవలసిన మనిషికే, ఆలస్యం చేయకుండా, పక్కన కూర్చుని ఆదరంగా చెప్పగలిగినవారే నిజమైన పెద్దలు.